వైద్య పరిశోధకుల సెర్చ్ సాధనాలు: వాడటం సులువైతే సరిపోతుందా?

ఆర్టీసీ బస్సు టికెట్ బుక్ చేసే యాప్‌ను పరీక్షించడం పెద్ద కష్టమేమీ కాదు. నలుగురైదుగురికి ఫోను ఇచ్చి, ‘శుక్రవారం రాత్రి విజయవాడకు ఒక సీటు బుక్ చేయండి’ అని చెప్పి పక్కన కూర్చుంటే చాలు. ఎక్కడ తడబడ్డారు, ఏ బటన్ కోసం వెతుక్కున్నారు, ఎంతసేపు పట్టింది అన్నవన్నీ కళ్లెదుటే తేలిపోతాయి. చివరికి టికెట్ వచ్చిందా రాలేదా అన్నదాంట్లో అనుమానానికి తావుండదు. యూజబిలిటీ టెస్టింగ్ పద్ధతులు చాలావరకు ఇలాంటి పనుల మీదే పెరిగాయి. వైద్య పరిశోధకులు వాడే సెర్చ్ సాధనాల దగ్గరికి వచ్చేసరికి ఈ ఆఖరి ఆధారమే లేకుండా పోతుంది. ఒక మందు మీద ఇంతవరకు జరిగిన అధ్యయనాలన్నీ కావాలని వెతికిన డాక్టరుకు నలభై వ్యాసాలు దొరికాయనుకుందాం. అసలు ఉన్నవి నలభయ్యేనా, నూట ఇరవయ్యా? ఆ సంగతి తెర మీద ఎక్కడా కనబడదు. దొరకని ఎనభై వ్యాసాలు వాటంతటవి ముందుకొచ్చి ఇక్కడున్నామని చెప్పవు.

సెర్చ్ సాధనాన్ని పరీక్షించేవాళ్లు ముందుగా పట్టుకోవాల్సిన చిక్కు ఇదే. వెతికినవారి ముఖంలో తృప్తి కనిపించింది కాబట్టి సాధనం బాగుందని రాసుకుంటే, పరీక్ష మొత్తం తప్పుదారి పట్టినట్టే. వైద్యంలో ఆ తప్పుదారి రోగి మంచం దాకా వెళ్తుంది.

తృప్తికీ వాస్తవానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో మొదట గట్టిగా లెక్కగట్టి చూపించింది వైద్యరంగం కాదు, న్యాయరంగం. అమెరికాలో డేవిడ్ బ్లెయిర్, ఎం.ఇ. మారన్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక పెద్ద కోర్టు కేసుకు సంబంధించిన సుమారు 40,000 పత్రాలను, అంటే దాదాపు 3,50,000 పేజీలను, ఐబీఎం వారి స్టెయిర్స్ అనే వ్యవస్థలోకి ఎక్కించారు. కేసుకు పనికొచ్చే పత్రాల్లో కనీసం 75 శాతం దొరకాలన్నది లాయర్లు పెట్టుకున్న షరతు. అన్ని దొరికాయని నమ్మకం కుదిరేదాకా వాళ్లు వెతికించారు. తీరా పరిశోధకులు మిగిలిన పత్రాల్లోంచి నమూనాలు తీసి చూస్తే, దొరికినవి సగటున 20 శాతమే.

ఈ అధ్యయనంలో ఇంకో అంకె ఉంది. దాన్ని సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. లాయర్ల చేతికి వచ్చిన పత్రాల్లో దాదాపు 79 శాతం నిజంగా పనికొచ్చేవే. వాళ్లు మోసపోయింది అక్కడే. తెరిచిన కాగితమల్లా పనికొచ్చేదిగా కనిపిస్తుంటే, వ్యవస్థ బాగా పనిచేస్తోందని ఎవరైనా అనుకుంటారు. వచ్చినవి మంచివి కావడం వేరు, మంచివన్నీ రావడం వేరు. మనిషి కంటికి మొదటిదే అందుతుంది. పక్కన కూర్చుని గమనించే పరీక్షకుడికి కూడా అంతే. ‘ఎలా అనిపించింది’ అని అడిగితే, 20 శాతంతో సరిపెట్టుకున్న ఆ లాయర్లు కూడా మంచి మార్కులే వేసి ఉండేవారు.

ఎంత దొరుకుతోంది అన్న లెక్క మాత్రం వైద్యంలో అంతకంటే ముందే మొదలైంది. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని బెథెస్డాలో ఉన్న నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్, 1879 నుంచి అచ్చవుతూ వచ్చిన ఇండెక్స్ మెడికస్ అనే వ్యాసాల సూచికను కంప్యూటర్లోకి తెచ్చి, 1964లో మెడ్‌లార్స్ అనే సేవను ప్రారంభించింది. అప్పట్లో డాక్టరు స్వయంగా వెతకడమన్నది లేదు. తనకేం కావాలో కాగితం మీద రాసి పంపితే, లైబ్రరీలోని నిపుణులు దాన్ని కంప్యూటరుకు అర్థమయ్యే ప్రశ్నగా మార్చి, ఫలితాల జాబితాను తిరిగి పంపేవారు. 1960ల చివర్లో ఎఫ్.డబ్ల్యూ. లాంకాస్టర్ అనే పరిశోధకుడు అలాంటి 300 దాకా విన్నపాలను తీసుకుని ఒక్కొక్కదాన్నీ వెనక్కి తవ్వి చూశాడు. దొరకాల్సిన వాటిలో సగటున 58 శాతం దొరుకుతున్నాయని, దొరికిన వాటిలో సగం పనికొచ్చేవని తేలింది. తప్పిపోయినవి ఎందుకు తప్పిపోయాయని విడదీస్తే, సుమారు పావు వంతు వైఫల్యాల్లో కారణం కంప్యూటర్ కాదు, సూచిక రాసినవాళ్లూ కాదు. అడిగినవారికి నిజంగా ఏం కావాలో వ్యవస్థకు సరిగా చేరలేదు.

అందులో ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటి బయటపడింది. నిపుణుడితో ముఖాముఖి మాట్లాడి విన్నపం ఇచ్చినవారికంటే, తమ మాటల్లో ఉత్తరం రాసి పంపినవారికే మెరుగైన ఫలితాలు వచ్చాయి. ఎదురుగా కూర్చున్నప్పుడు, వ్యాసాలను అంశాలవారీగా విడదీయడానికి నిపుణుడు ఉపయోగించే సూచిక పదాల వైపు డాక్టరు తనకు తెలియకుండానే ఒరిగిపోయేవాడు. కావలసినదాన్ని వదిలి, వ్యవస్థ ఇవ్వగలిగినదాన్ని అడిగేవాడు. నేటి సెర్చ్ పెట్టెలో రెండక్షరాలు కొట్టగానే కిందకి జారే సూచనల జాబితాను చూస్తే, లాంకాస్టర్ గమనించింది పాతకాలపు ముచ్చటగా అనిపించదు. పరీక్షల్లో ఆ జాబితాకు ‘టైపింగ్ తగ్గింది’ అనే మెచ్చుకోలు తేలిగ్గా దొరుకుతుంది. ప్రశ్న మారిపోయిందా అని మాత్రం ఎవరూ చూడరు.

బాల్టిమోర్, 2001

ఎలెన్ రోష్ వయసు 24 ఏళ్లు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్తమా, ఎలర్జీ కేంద్రంలో టెక్నీషియన్. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తుల్లో శ్వాసనాళాలు మూసుకుపోకుండా ఏం కాపాడుతుందో తెలుసుకునే అధ్యయనంలో ఆమె వాలంటీరుగా చేరింది. అందులో భాగంగా హెక్సామెథోనియం అనే పాత మందును ఆవిరిగా పీల్చింది. కొద్ది రోజుల్లో దగ్గు, ఆ తర్వాత శ్వాస ఇబ్బంది మొదలయ్యాయి. 2001 జూన్ 2న చనిపోయింది.

ఆ మందు ఊపిరితిత్తులను దెబ్బతీయగలదని 1950ల్లోనే వ్యాసాలు వచ్చాయి. అప్పట్లో దాన్ని రక్తపోటుకు వాడేవారు. అధ్యయనం మొదలుపెట్టే ముందు పరిశోధకుడు పాఠ్యపుస్తకాలు చూశాడు, నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ ఇంటర్నెట్‌లో నడిపే పబ్‌మెడ్ అనే వైద్య వ్యాసాల సెర్చ్ సాధనంలో వెతికాడు. ఆ రోజుల్లో పబ్‌మెడ్‌లో 1966 నుంచి వచ్చిన వ్యాసాల వివరాలే ఉండేవి. పాత హెచ్చరికలు అక్కడ దొరకలేదు. ఆ తర్వాత జరిగిన విచారణల్లో సమ్మతి పత్రం మొదలుకొని ఎథిక్స్ కమిటీ పనితీరు వరకు చాలా లోపాలు బయటపడ్డాయి. కాబట్టి నెపమంతా ఒక్క సెర్చ్ మీద వేయడం న్యాయం కాదు. జూలైలో ఫెడరల్ అధికారులు ఆ సంస్థలో ప్రభుత్వ నిధులతో మనుషుల మీద జరిగే పరిశోధనలను దాదాపు అన్నింటినీ కొన్నాళ్లపాటు నిలిపివేశారు.

సెర్చ్ సాధనాల పరీక్షకు ఈ మరణం వేసే ప్రశ్న చాలా సూటిగా ఉంటుంది. పబ్‌మెడ్ అప్పుడు చెడిపోలేదు. అడిగిన పదాలకు తన దగ్గరున్న జవాబులు సరిగానే ఇచ్చింది. ‘1966కు ముందువి నా దగ్గర లేవు’ అన్న సంగతి మాత్రం ఫలితాల పేజీ మీద, వెతుకుతున్నవారి కంటికి తగిలేలా ఉందా? పరిమితి ఎక్కడో సహాయం పేజీలో రాసి ఉండటం, అవసరమైన క్షణంలో ఎదురుగా కనిపించడం ఒకటి కావు. తర్వాతి ఏళ్లలో లైబ్రరీ పాత సూచికలను కూడా కలుపుతూ వచ్చింది, ఇప్పుడు 1966కు ముందు వ్యాసాలు చాలానే దొరుకుతాయి. అయినా ప్రతి డేటాబేస్‌కూ ఏదో ఒక గట్టు ఉంటుంది. ఆ గట్టు వాడేవారికి తెలుస్తోందా లేదా అన్నది పరీక్షలో తప్పక ఉండాల్సిన అంశం. చాలా పరీక్షల్లో అది ఉండదు, ఎందుకంటే పరీక్షకు ఇచ్చే పనులన్నీ ఆ సాధనంలో జవాబు దొరికేవే. జవాబు లేని ప్రశ్న ఇచ్చి, లేదని గ్రహించడానికి ఎంతసేపు పట్టిందో, అసలు గ్రహించారో లేదో చూడటం ఎందుకనో ఎవరికీ తట్టదు.

తెర మీద నిజంగా జరిగేది

పబ్‌మెడ్ 1996లో ప్రయోగంగా మొదలై, 1997 జూన్‌లో ప్రపంచమంతటికీ ఉచితంగా తెరుచుకుంది. నేడు అందులో 3.7 కోట్లకు పైగా వ్యాసాల వివరాలున్నాయి. హైదరాబాద్‌లో థీసిస్ రాసే పీజీ డాక్టరు కూడా, హార్వర్డ్ ప్రొఫెసరు కూడా అదే పెట్టెలో అవే పదాలు కొడతారు. ఇంత పెద్ద ప్రజా సౌకర్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. అందుకే దాన్ని నిశితంగా పరీక్షించాలి కూడా.

ఒక పరీక్షను దగ్గరగా చూద్దాం. సన్నివేశం ఊహించినదే, కానీ ఇందులో సాధనం చేసే పనులన్నీ పబ్‌మెడ్ నిజంగా చేసేవే. ప్రసూతి విభాగంలో పీజీ చేస్తున్న డాక్టరు కంప్యూటర్ ముందు కూర్చుంది. ‘మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెబుతూ వెతకండి డాక్టర్ గారూ’ అన్నాడు పరీక్షకుడు. గర్భిణుల్లో వచ్చే షుగరుకు ఇన్సులిన్ బదులు మెట్‌ఫార్మిన్ ఇస్తే ఎలా ఉంటుందన్నది మొదటి పని. ఆమె మూడు పదాలు కొట్టింది. వందల కొద్దీ ఫలితాలు వచ్చాయి. ‘అబ్బో, ఇన్ని చదవలేను’ అంటూ ఎడమ పక్కనున్న ఫిల్టర్లలో ఉచితంగా పూర్తి పాఠం దొరికేవి, గత ఐదేళ్లవి అని రెండు టిక్కులు పెట్టింది. జాబితా చేతికందేంత చిన్నదయింది. ‘ఆఁ, ఇప్పుడు బాగుంది.’ పరీక్షకుడు సమయం రాసుకున్నాడు, పని పూర్తయిందని గుర్తు పెట్టుకున్నాడు.

రెండో పని గర్భిణుల్లో రక్తహీనతకు సిర ద్వారా ఇచ్చే ఐరన్ గురించి. ఆమె పాత పదాలు చెరిపేసి కొత్తవి కొట్టింది. ఇందాక పెట్టిన రెండు టిక్కులు అలాగే ఉన్నాయి. తీసేసేదాకా ఫిల్టర్లు తర్వాతి వెతుకులాటలకు కూడా వర్తిస్తూనే ఉంటాయి. ఫలితాల పైన, ఫలానా ఫిల్టర్లు అమల్లో ఉన్నాయని ఒక చిన్న వరుస ఉంది. ఆమె చూపు నేరుగా వ్యాసాల శీర్షికల మీదికి పోయింది. ‘దీని మీద పెద్దగా పని జరిగినట్టు లేదు’ అంది. పరీక్ష బాగా జరిగి ఉంటే, ఆ మాట దగ్గర పరీక్షకుడి కలం ఆగాలి. ఎందుకంటే అదే వాక్యం రేపు థీసిస్‌లో ‘ఈ అంశంపై అధ్యయనాలు చాలా తక్కువ’ అనే రూపంలో కూర్చుంటుంది. దాన్ని చూపించి కొత్త అధ్యయనానికి అనుమతి అడుగుతారు, రోగులను చేర్చుకుంటారు. ఇదివరకే తేలిపోయిన విషయానికి మళ్లీ కొందరు గర్భిణుల రక్తం తీస్తారు.

కాలం, క్లిక్కులు, తృప్తి అనే మూడు కొలతల్లోనూ ఈ డాక్టరు నెగ్గినట్టే లెక్క. పని పూర్తి కాలేదన్న సంగతి ఏ గడిలోనూ పడదు. బాగా వాడుకలో ఉన్న తృప్తి కొలమానం 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన సిస్టమ్ యూజబిలిటీ స్కేల్. అందులో పది ప్రశ్నలుంటాయి, వందకు మార్కులు వస్తాయి, 68 దరిదాపుల్లో వస్తే సగటు అంటారు. వాడటం తేలికగా ఉందా, ఎవరి సాయమైనా కావాల్సి వచ్చిందా, నమ్మకంగా వాడగలిగారా అని అది అడుగుతుంది. నమ్మకంగా వాడటం అన్నది ఇక్కడ మంచి గుణమో ప్రమాదమో ఆ పది ప్రశ్నలు చెప్పలేవు.

పదాల వెనక జరిగే తతంగం ఇంకొకటి. హార్ట్ ఎటాక్ అని కొడితే, పబ్‌మెడ్ దాన్ని మయోకార్డియల్ ఇన్‌ఫార్‌క్షన్ అనే అధికారిక సూచిక పదానికి కూడా తనంతట తాను కలిపి వెతుకుతుంది. ఇది చాలా మంచి ఏర్పాటు. కానీ అదే మాటను కోట్స్‌లో పెట్టినా, చివర స్టార్ గుర్తు తగిలించినా ఆ సాయం ఆగిపోతుంది. మామూలు గూగుల్ అలవాటుతో కచ్చితత్వం కోసం కోట్స్ పెట్టినవారికి, తాము ఒక తలుపు మూశామన్న సంగతి తెలియదు. మన దగ్గర బ్రిటిష్ స్పెల్లింగ్ అలవాటు కాబట్టి ఇది మరీ ఇబ్బంది. మామూలుగా కొట్టినప్పుడు రెండు స్పెల్లింగులనూ కలిపి చూసుకునే సాధనం, స్టార్ గుర్తు పెట్టగానే రాసినదాన్ని రాసినట్టే తీసుకుంటుంది. పిల్లల వైద్యం మీద వెతికేవారు బ్రిటిష్ పద్ధతిలో పీడియాట్రిక్ అని రాసి స్టార్ పెడితే, అమెరికన్ స్పెల్లింగ్‌తో వచ్చిన వ్యాసాలు జారిపోతాయి.

వరుస కూడా ముఖ్యమే. పదాలను కలిపే అండ్ (రెండూ ఉండాలి), ఆర్ (ఏదో ఒకటి ఉన్నా చాలు) గుర్తులను పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. అనీమియా ఆర్ ఐరన్ డెఫిషియెన్సీ అండ్ ప్రెగ్నెన్సీ అని రాస్తే, మొదటి రెండూ కలిపి అందులోంచి గర్భిణులకు సంబంధించినవి ఇస్తుంది. కావలసింది అదే. ప్రెగ్నెన్సీ అండ్ అనీమియా ఆర్ ఐరన్ డెఫిషియెన్సీ అని తిప్పి రాస్తే, గర్భానికి ఏ సంబంధమూ లేని ఐరన్ లోపం వ్యాసాలన్నీ వచ్చి పడతాయి. బ్రాకెట్లు పెడితే పోయే సమస్య, కానీ పెట్టాలని తెలియాలి కదా. నిపుణులు కూడా దీనికి అతీతులు కారు. మార్గరెట్ శాంప్సన్, జెస్సీ మెక్‌గోవన్ 2006లో ప్రచురించిన అధ్యయనంలో పబ్‌మెడ్‌లో ప్రధాన భాగమైన మెడ్‌లైన్ డేటాబేస్‌లో వెతకడానికి రాసిన 63 సెర్చ్ వ్యూహాలను పరిశీలిస్తే, 90 శాతానికి పైగా వాటిలో కనీసం ఒక పొరపాటు ఉంది. అవి సిస్టమాటిక్ రివ్యూల కోసం, అంటే ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నీ వెతికి కలిపి బేరీజు వేసే సమీక్షల కోసం, జాగ్రత్తగా తయారుచేసినవి. వాటిలో చాలా పొరపాట్లు, దొరకాల్సిన వ్యాసాలను తప్పించగల రకానివే.

తాను అడిగినదాన్ని సాధనం ఎలా అర్థం చేసుకుందో వెతికినవారు చూడగలిగితే, ఇలాంటివి చాలావరకు అక్కడికక్కడే పట్టుబడతాయి. పాత పబ్‌మెడ్‌లో ఆ వివరం ఫలితాల పేజీలోనే కుడిపక్క ఒక పెట్టెలో కనిపించేది. 2020 మే నుంచి కొత్త రూపం అమల్లోకి వచ్చాక అది అడ్వాన్స్‌డ్ సెర్చ్ పేజీలోకి, హిస్టరీ పట్టిక లోపలికి వెళ్లింది. కొత్త రూపం ఫోన్‌లో చక్కగా ఇమిడిపోతుంది, పేజీ శుభ్రంగా ఉంటుంది. పబ్‌మెడ్ ల్యాబ్స్ పేరుతో దాన్ని ముందే బయటపెట్టి, వాడేవారి అభిప్రాయాలు తీసుకుంటూ మలిచారు కూడా. ఆ పెట్టెను ఎక్కువమంది చూసేవారు కాదు కాబట్టి తీసేయడం సబబే అనిపించవచ్చు. మామూలు వెబ్‌సైటుకైతే అది సరైన నిర్ణయమే. ఇక్కడ మాత్రం, ఎక్కువమంది పట్టించుకోనిది తక్కువమందికి ప్రాణాధారం. అది కంటి ముందు ఉండటం వల్లే పట్టించుకోవడం నేర్చుకునే కొత్తవాళ్లూ ఉంటారు. క్లిక్కులు తక్కువ పడ్డాయన్నది తీసేయడానికి చాలినంత కారణం కాదు.

ఫలితాల వరుస మార్పు గురించీ ఇదే చెప్పాలి. ఒకప్పుడు కొత్త వ్యాసం పైన, పాతది కింద. 2017లో బెస్ట్ మ్యాచ్ అనే పద్ధతి వచ్చింది. వాడినవారి క్లిక్కుల నుంచి నేర్చుకున్న యంత్రం వరుసను నిర్ణయిస్తుంది. వ్యాసాన్ని ఇదివరకు ఎంతమంది చూశారన్నది కూడా అందులో ఒక లెక్క. కొత్త రూపంలో ఇదే ముందుగా వచ్చే వరుస. వార్డు రౌండ్ల మధ్య రెండు నిమిషాల్లో ఒక మంచి వ్యాసం కావాల్సిన డాక్టరుకు ఇది వరం. పబ్‌మెడ్ వాడుకను నమోదు చేసిన 2008 మార్చి నెల లాగ్‌లోని 5.8 కోట్లకు పైగా ప్రశ్నలను విశ్లేషించినప్పుడు, 80 శాతానికి పైగా క్లిక్కులు మొదటి పేజీలోనే పడ్డాయని తేలింది. మొదటి పేజీలో ఉన్నదానికే చూపు దక్కుతుంది. చూపు దక్కినదానికే క్లిక్కు, క్లిక్కు దక్కినదానికి మళ్లీ మొదటి పేజీ. పేరున్న పత్రికలో వచ్చిన వ్యాసం ఈ చక్రంలో పైకి తేలడం, అంతే విలువైన చిన్న పత్రిక వ్యాసం అడుగున ఉండిపోవడం జరగవచ్చు. క్లిక్కులు పెరిగాయి కాబట్టి వరుస మెరుగైందని నిరూపణ అయిందనుకోవడం, దొరికినదాన్ని బట్టి దొరకనిదాన్ని అంచనా వేయడమే.

పేర్ల దగ్గర మనవాళ్ల చిక్కు

అదే లాగ్ విశ్లేషణలో ఇంకో సంగతి. పరిశీలించిన నమూనాలో 36 శాతం ప్రశ్నల్లో రచయితల పేర్లున్నాయి. రోగాల పేర్లకంటే ఎక్కువ. అంటే రచయిత పేరుతో వ్యాసాన్ని పట్టుకోవడం చాలా పెద్ద వాడుక. పబ్‌మెడ్‌లో పేరు పాశ్చాత్య పద్ధతిలో ఉంటుంది: ముందు ఇంటిపేరు పూర్తిగా, తర్వాత సొంత పేరుకు పొడి అక్షరాలు. తెలుగు పేరు ఆ అచ్చులోకి వెళ్లేసరికి తలకిందులవుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ చదువుకునే పద్ధతి అది. సూచికల్లో ఆయన ‘సుబ్బారో వై’. ఇంటిపేరు ఒక్క అక్షరమైపోయింది, సొంత పేరు ఇంటిపేరైంది. యల్లాప్రగడ అని వెతికినవారికి ఆ వ్యాసం దొరకదు.

ఆయన ఒక్కరి సంగతి కాదిది. ఒకే తెలుగు డాక్టరు ఒక పత్రికలో ఇంటిపేరు చివర, ఇంకోదానిలో సొంత పేరు చివర, మూడోదానిలో రెండు పొడి అక్షరాలతో కనిపించడం మామూలే. రెడ్డి, రావు అని ముగిసే పేర్లకు పొడి అక్షరాలు జోడిస్తే ఒకే గుర్తు కిందకి ఎందరో చేరతారు. పూర్తి పేర్లతో వెతికే వీలు 2002 తర్వాతి వ్యాసాలకే, అదీ పత్రిక ఇచ్చిన చోటే. ప్రతి పరిశోధకుడికీ ఒక సంఖ్య ఇచ్చే ఆర్కిడ్ 2012లో వచ్చింది, పాత వ్యాసాలను అది తనంతట తాను సరిదిద్దదు. రచయిత పేరుతో వెతికే పనిని స్మిత్, జాన్సన్ లాంటి పేర్లతోనే పరీక్షిస్తే ఇవేవీ బయటపడవు. పరీక్షకు కూర్చోబెట్టేవారిలో తెలుగు, తమిళ, చైనా పేర్లున్నవాళ్లు ఉండాలని కోరడం మర్యాద కోసం కాదు. వాళ్లు లేకపోతే లోపం కనబడదు.

మన పత్రికల విషయంలోనూ కనిపించని గుంట ఒకటుంది. కొన్ని భారతీయ పత్రికల వ్యాసాలు పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత భాండాగారం ద్వారా పబ్‌మెడ్‌లోకి వస్తాయి, కానీ ఆ పత్రికలు మెడ్‌లైన్ జాబితాలో ఉండవు. వాటికి సూచిక పదాల ముద్ర పడదు. మనుషుల మీద జరిగిన అధ్యయనాలు, ఫలానా వయసువారు అంటూ పెట్టే ఫిల్టర్లు ఆ ముద్రను చూసే వడగడతాయి. కాబట్టి వరంగల్‌లోనో గుంటూరులోనో మనుషుల మీదే జరిగిన అధ్యయనం, మనుషులు అనే ఫిల్టర్ పెట్టగానే మాయమైపోవచ్చు. భారతీయ రోగుల సమాచారం కోసం వెతికేవారికి ఇది నేరుగా తగిలే దెబ్బ. ఫిల్టర్ పెట్టినప్పుడు ముద్ర లేనందువల్ల ఎన్ని వ్యాసాలు పక్కకు పోయాయో ఒక అంకె చూపిస్తే సగం అపోహ తొలగుతుంది. అలా చూపించాలని అడగడానికి ఆధారం కావాలంటే, ముందు ఎవరైనా దీన్ని పరీక్షలో లెక్కగట్టాలి.

ఎలా లెక్కగట్టాలి

దొరకనిదాన్ని కొలవడం అసాధ్యమేమీ కాదు. లాంకాస్టర్ చేసినట్టే, పనికొచ్చే వ్యాసాల జాబితా ఒకటి వేరే దారిలో ముందే చేతిలో ఉండాలి. వైద్యంలో అది సిద్ధంగానే ఉంది. బాగా చేసిన ప్రతి సిస్టమాటిక్ రివ్యూలోనూ, అనేక డేటాబేస్‌లు, రిజిస్ట్రీలు, వ్యాసాల వెనకున్న రిఫరెన్సులు గాలించి చేర్చిన అధ్యయనాల పట్టిక ఉంటుంది. ఆ రివ్యూ ప్రశ్నను పరీక్షకు వచ్చినవారికి ఇచ్చి, పట్టికను దాచి, వాళ్లు తెచ్చినదానితో పోల్చాలి. ఇరవై అధ్యయనాల్లో ఎనిమిది వచ్చాయా, పదిహేడు వచ్చాయా? రానివాటిని ఒక్కొక్కటిగా తీసి కారణం రాయాలి: పదం తట్టలేదా, ఫిల్టర్ కొట్టేసిందా, సాధనంలోనే లేదా, పదో పేజీలో ఉండి చూడలేదా. మొదటిది శిక్షణ లోపం కావచ్చు, రెండోది తెర లోపం, మూడోది సేకరణ లోపం, నాలుగోది వరుస లోపం. కారణాన్ని బట్టి మందు మారుతుంది. రివ్యూకూ పరీక్షకూ మధ్య వచ్చిన కొత్త వ్యాసాలను లెక్కలోంచి తీసేయడం మరిచిపోకూడదు.

దానికి తోడు ఒక చిన్న ప్రశ్న ఉండాలి. వెతకడం ముగించగానే, ‘ఉన్నవాటిలో ఎంత శాతం దొరికి ఉంటాయనుకుంటున్నారు?’ అని అడిగి అంకె రాయించుకోవాలి. అసలు అంకెను దాని పక్కన పెట్టాలి. ఆ రెండింటి మధ్య దూరాన్ని సాధనం తగ్గించగలిగిందా అన్నదే, ఈ వ్యాసం దృష్టిలో, అన్నిటికంటే విలువైన కొలత. వాడినవారు 80 అనుకుని 40 తెచ్చిన సాధనం కంటే, 50 అనుకుని 40 తెచ్చినది మేలు. రెండోవారు ఇంకోచోట కూడా వెతుకుతారు, లైబ్రేరియన్ను అడుగుతారు.

ఎంతమందిని కూర్చోబెట్టాలన్నది ఎప్పుడూ వచ్చే ప్రశ్న. ఐదుగురు చాలు, 85 శాతం లోపాలు బయటపడతాయని యూజబిలిటీ నిపుణుడు జాకబ్ నీల్సన్ చెప్పిన మాట ఈ రంగంలో సామెతలా స్థిరపడింది. ఒక్కో వ్యక్తికి ఒక్కో లోపం తగిలే అవకాశం సగటున 31 శాతం అన్న లెక్క మీద అది నిలిచింది. అందరూ ఒకేలాంటి వాళ్లయి, ఒకేలాంటి పని చేస్తే పర్వాలేదు. లారా ఫాక్నర్ అనే పరిశోధకురాలు 2003లో 60 మందితో పరీక్ష చేసి, వాళ్లలోంచి ఐదుగురి గుంపులను మళ్లీ మళ్లీ తీసి చూసింది. సగటు 85 దగ్గరే వచ్చింది, కానీ కొన్ని గుంపులకు 55 శాతమే దొరికింది. పది మందైతే కనిష్ఠం 80కి, ఇరవై మందైతే 95కి చేరింది. వైద్య సెర్చ్‌లో వాడేవారు ఒకేలాంటి వాళ్లు కారు. వార్డు డాక్టరు, రివ్యూ రాసే పరిశోధకుడు, మొదటిసారి థీసిస్ మొదలుపెట్టిన పీజీ, వృత్తిగా వెతికే లైబ్రేరియన్ నలుగురూ నాలుగు తీర్లు. ఒక్కో తీరుకు కనీసం ఐదారుగురు కావాలి. మిగతావారు చూడని లోపాలు ఎక్కువగా బయటపెట్టేది లైబ్రేరియన్లే అయినా, వాళ్లొక్కరి మాటే వింటే పీజీకి అర్థం కాని తెర తయారవుతుంది.

ఇటీవల ప్రశ్న అడిగితే వ్యాసాలు చదివి జవాబే రాసి ఇచ్చే ఏఐ సాధనాలు వచ్చాయి. వీటికి ఇదంతా రెట్టింపుగా వర్తిస్తుంది. పాత సెర్చ్‌లో కనీసం ఫలితాల సంఖ్య ఒకటి కనిపించేది, జాబితాలో ఇంకా చాలా ఉన్నాయన్న స్పృహ ఉండేది. నాలుగు పేరాల చక్కటి జవాబు, కింద ఆరు రిఫరెన్సులు కనిపిస్తే వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది. తృప్తి మార్కులు ఎక్కువ రావడం ఖాయం. ఆ ఆరు వ్యాసాలు నిజంగా ఉన్నాయా, ఉన్నవి జవాబులో రాసినదే చెబుతున్నాయా, వ్యతిరేక ఫలితం వచ్చిన ఏడోది ఎందుకు రాలేదు అనే మూడింటినీ పరీక్షలో చూడాలి. అదే ప్రశ్నను మర్నాడు మళ్లీ అడిగితే అదే జాబితా వస్తుందా అన్నది నాలుగోది. సిస్టమాటిక్ రివ్యూలో వెతికిన తీరును ఇంకొకరు మళ్లీ చేయగలిగేలా రాయాలన్నది నియమం. మళ్లీ రాని జాబితాతో ఆ నియమం నిలవదు.

ఇలాంటి పరీక్షకు పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఏ మెడికల్ కాలేజీ లైబ్రరీలోనైనా తెరను రికార్డు చేసే ఒక కంప్యూటర్, ఒక ప్రచురిత రివ్యూ పట్టిక, గంట చొప్పున సమయం ఇవ్వగల పది పన్నెండు మంది పీజీలు ఉంటే చాలు. మన ఆరోగ్య విశ్వవిద్యాలయాల పరిధిలో పీజీలు థీసిస్ తప్పనిసరిగా రాయాలి, అందులో రివ్యూ ఆఫ్ లిటరేచర్ అధ్యాయం ఉండాలి. కాబట్టి పరీక్షకు వచ్చేవారికి అది సమయం వృథా కూడా కాదు: తాము వదిలేసిన వ్యాసాల పట్టిక, ప్రతిదాని పక్కన వదిలేసిన కారణంతో సహా, గంట చివర వాళ్ల చేతికి వస్తుంది. అదే పట్టిక నకలును పబ్‌మెడ్‌కు అభిప్రాయంగా పంపితే, ఏ ఫిల్టర్ దగ్గర, ఏ పేరు దగ్గర, ఏ స్పెల్లింగ్ దగ్గర భారతీయ వినియోగదారులు జారిపోతున్నారో బెథెస్డాలో కూర్చున్నవారికి అంకెలతో తెలుస్తుంది.